ముందు కంట్రోలర్, తర్వాతే విమానం

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



రేడియోలో నన్ను మాట్లాడమన్నారంటే ఏ ఊరగాయల గురించో, పిల్లల చదువుల గురించో చెబుతుందని మీరు అనుకొని వుంటారు. ఈ వేళ నేను చెప్పబోయేది కూడా రేడియో గురించే. అయితే మీరు వింటున్న ఈ రేడియో కాదు. మైదానంలో పిల్లవాడు మెళ్ళో తాడుకు ఒక పెట్టె తగిలించుకొని, రెండు బొటనవేళ్ళతో దాన్ని కదుపుతూ, పైన తిరిగే చిన్న విమానాన్ని ఆడిస్తూ వుంటాడు చూడండి, ఆ పెట్టె. దాన్ని రేడియో కంట్రోలర్ అంటారు, ట్రాన్స్‌మిటర్ అని కూడా అంటారు. నా మాట ఇక్కడనుంచి గాలిలోకి వెళ్ళి మీ ఇంట్లో పలుకుతున్నట్లే, ఆ పెట్టె మాట వెళ్ళి విమానంలో వున్న రిసీవర్‌కు వినిపిస్తుంది. కుడికి తిరగమంటే తిరుగుతుంది, పైకి లెమ్మంటే లేస్తుంది. తేడా ఒక్కటే. నా మాట మధ్యలో ఆగిపోతే మీకేమీ నష్టం లేదు. ఆ పెట్టె మాట మధ్యలో ఆగిపోతే ఎవరికో ఒకరికి దెబ్బ తగులుతుంది. నా ఎడమచేతి చూపుడువేలి మీద మూడు కుట్ల మచ్చ వుంది. రేడియోలో చూపించలేను గనుక నోటితో చెబుతున్నాను. దాని కథ తర్వాత వస్తుంది.

"మగపిల్లల ఆటవస్తువు, వాళ్ళ నాన్న చూసుకొంటారు, మనకెందుకమ్మా" అని మా పక్కింటి పిన్నిగారు అన్నారు. డబ్బు మన చీటీలోది, బల్ల మన భోజనాల బల్ల, రాత్రి పదింటిదాకా వెలిగే దీపం మనది. మనకు కాక ఎవరికి? పైగా ఇది నిన్న మొన్న పుట్టిన పిచ్చి కాదు. నికోలా టెస్లా 1898లోనే న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నీళ్ళతొట్టిలో చిన్న పడవను వదిలి, తీగ లేకుండా దూరంనుంచి తిప్పి చూపించాడు. ఇవాళ మన పిల్లలు ఆడే ఆట ఆ పడవ సంతతే.

మేము మొదట చేసిన తప్పు చెబుతాను. మా చిన్నవాడు తొమ్మిదో తరగతిలోకి వచ్చాడు. పుట్టినరోజుకు విమానం కావాలన్నాడు. దుకాణానికి వెళ్ళాము. అట్టపెట్టె మీద బొమ్మ చూసి, రంగు చూసి, అన్నీ ఒకే పెట్టెలో వున్నవి కదా అని కొనేశాము. రెండో ఆదివారానికి విమానం కొబ్బరిచెట్టుకు తగిలి ముక్కలైంది. కంట్రోలర్ మాత్రం శుభ్రంగా వున్నది. అయితే అది ఆ విమానానికి తప్ప దేనికీ పనికిరాదు. ఇంకో విమానానికి కలపడానికి వీల్లేదు, సర్దుబాట్లు లేవు. ఇప్పుడది అటక మీద పాత ఫ్యాన్ రెగ్యులేటర్ పక్కన కూర్చున్నది.

దసరాకు మా తమ్ముడు వచ్చాడు. వాడు ఇంజనీరింగు చదివే రోజులనుంచీ ఈ మోడళ్ళు చేస్తున్నవాడు. అటక మీది పెట్టెను చూసి నవ్వి, "అక్కా, నేర్చుకొనేవాడి విమానం పగలక తప్పదు. ఒకటి కాదు, రెండు మూడు పగులుతాయి. పగలనిది కంట్రోలర్ ఒక్కటే. నీ డబ్బు దాని మీద పెట్టు, విమానం థర్మాకోల్‌దైనా చాలు" అన్నాడు. ఆలోచిస్తే ఇది మనకు తెలియని నీతేమీ కాదు. కుట్టుపని నేర్చుకొనే అమ్మాయికి మిషన్ మంచిది కొంటాము, కుట్టడానికి పాతచీర ముక్కలిస్తాము. పట్టుగుడ్డ ఇచ్చి ఆటబొమ్మ మిషన్ ఇవ్వము కదా!

అసలు కంట్రోలర్ కొనేటప్పుడు ఏమి చూడాలి? మొట్టమొదట, దేనికోసం కొంటున్నారో తేల్చుకోండి. కారుకు, పడవకు రెండే పనులు: పక్కకు తిప్పడం, వేగం పెంచి తగ్గించడం. వాటికి పిస్తోలు ఆకారంలో, పక్కన చిన్న చక్రం వుండే కంట్రోలర్ దొరుకుతుంది. చక్రం తిప్పితే కారు తిరుగుతుంది, వేలితో మీట లాగితే పరుగెత్తుతుంది. విమానానికి అది పనికిరాదు. విమానానికి రెండు స్టిక్కులున్న పెట్టె కావాలి. ఒక్కొక్క పనికి ఒక్కొక్క ఛానల్ అంటారు. రెక్కల చివర పైకీ కిందికీ ఆడే రేకులు, వాటిని ఎయిలరాన్లు అంటారు, వాటికొకటి. తోక మీద అడ్డంగా వుండే ఎలివేటర్‌కొకటి. నిలువుగా వుండే చుక్కానికొకటి. మోటారు వేగానికొకటి, దాన్ని థ్రాటిల్ అంటారు. మొత్తం నాలుగు. రేపు ఇంకో పెద్ద విమానం, రెక్కకు ఫ్లాపులు, చక్రాలు ముడుచుకోవడం అంటాడు గనుక ఆరు ఛానళ్ళది తీసుకొంటే కొన్నేళ్ళు వెనక్కి చూడక్కర్లేదు. పది, పదహారు ఛానళ్ళవి కూడా వున్నాయి. మొదటిసారి కొనేవాళ్ళకు అంత అవసరం లేదని నా అభిప్రాయం. గుండిగ కొని అందులో ఇద్దరికి పప్పు వండుకొన్నట్లుంటుంది.

రెండో సంగతి, చాలామంది అడగడం మరిచిపోయేది, మోడ్. ఏ స్టిక్ ఏ పని చేస్తుందనేదే మోడ్. మోడ్ 2 అయితే ఎడమచేతి స్టిక్ థ్రాటిల్, చుక్కాని. కుడిచేతి స్టిక్ ఎలివేటర్, ఎయిలరాన్లు. మోడ్ 1లో ఎలివేటర్, చుక్కాని ఎడమచేతికి వస్తాయి, థ్రాటిల్, ఎయిలరాన్లు కుడిచేతికి పోతాయి. జపానువాళ్ళకు మోడ్ 1 అలవాటు ఎక్కువ, అమెరికావాళ్ళకు మోడ్ 2. ఏది మంచిదని దెబ్బలాడుకొనేవాళ్ళు చాలామంది వున్నారు, మనం ఆ తగవులోకి పోవద్దు. మీ అబ్బాయికి మైదానంలో నేర్పబోయే పెద్దమనిషి ఏ మోడ్‌లో ఎగరేస్తాడో కనుక్కొని అదే కొనండి. విమానం అదుపు తప్పినప్పుడు ఆయన పెట్టె అందుకొంటే ఆయన వేళ్ళకు అలవాటైన చోట స్టిక్కులుండాలి. వేరే మోడ్ అయితే కాపాడవలసిన చెయ్యే ముంచుతుంది. వీలైతే ఆయన వాడే కంపెనీదే కొనండి. అప్పుడు రెండు కంట్రోలర్లను జత చేసి, పిల్లవాడు తడబడినప్పుడు ఆయన ఒక్క స్విచ్చితో విమానాన్ని తన చేతిలోకి తీసుకొనే ఏర్పాటు సులువవుతుంది. డ్రైవింగు స్కూలు కారులో మేస్టారి కాలికింద ఇంకో బ్రేకు వుంటుందే, అట్లాగన్నమాట.

మూడోది, రిసీవర్. ఒక కంపెనీ కంట్రోలర్ మాట ఇంకో కంపెనీ రిసీవర్‌కు సాధారణంగా అర్థం కాదు. ఫుటాబా, స్పెక్ట్రమ్, ఫ్లైస్కై, ఎఫ్ఆర్‌స్కై, ఎవరి భాష వారిది. ఒకే కంపెనీలో కూడా పాతదీ కొత్తదీ కలవకపోవచ్చు. చాలా భాషలు మాట్లాడే బహుభాషా కంట్రోలర్లు కూడా ఇప్పుడు వస్తున్నాయి, కాని వాటి సర్దుబాట్లు కొంచెం చిక్కు. అందుచేత కంట్రోలర్ ధర ఒక్కటే అడగకండి. "దీని రిసీవర్ విడిగా ఎంత? ఇక్కడ దొరుకుతుందా?" అనడగండి. ప్రతి విమానానికీ ఒక రిసీవర్ కావాలి గదా. గ్యాసుపొయ్యి చవకగా వచ్చిందని కొని, తర్వాత బర్నర్ల కోసం ఊరంతా తిరిగినట్లు కాకూడదు.

బంధువులెవరైనా "మా వాడిది పాతది వుంది, తీసుకోండి" అని పొడుగాటి యాంటెన్నా వున్న కంట్రోలర్ ఇస్తే మొహమాటపడి పుచ్చుకోకండి. అవి 27, 35, 72 మెగాహెర్ట్జుల కాలంనాటివి. వాటిలో క్రిస్టల్ అని చిన్న ముక్క వుండేది, ఏ ఛానల్ మీద మాట్లాడాలో అదే నిర్ణయించేది. ఒకే మైదానంలో ఇద్దరు ఒకే ఛానల్ మీద పెట్టె ఆన్ చేశారంటే పైన వున్న విమానం కిందికి రావలసిందే. అందుకని క్లబ్బుల్లో ఒక బోర్డు పెట్టి, నంబరు పుల్ల ఎవరి దగ్గర వుంటే వాళ్ళే ఆన్ చెయ్యాలనే నియమం పెట్టుకొన్నారు. ఇప్పటివి 2.4 గిగాహెర్ట్జుల మీద పనిచేస్తాయి. రకరకాల ఛానళ్ళ మీదికి తమంతట తామే గెంతుతూ పోతాయి గనుక పదిమంది ఒకేచోట ఎగరేసినా తగువు రాదు. మన దేశంలో 2005నుంచి ఈ బాండులో, నిర్ణయించిన శక్తికి లోబడి వాడేవాటికి విడిగా లైసెన్సు అక్కర్లేదు.

ఇక నాలుగోది నాకు నచ్చిన సంగతి. మంచి కంట్రోలర్‌ను కంప్యూటరుకు తీగతో కలిపి, తెరమీద విమానాన్ని ఎగరెయ్యవచ్చు. సిమ్యులేటర్ అంటారు. చేతిలో అవే స్టిక్కులు, పగిలేది మాత్రం తెరమీది విమానం. మావాడికి నెలరోజులు అదే ఎగరెయ్యమన్నాము. వాడు బడికి వెళ్ళాక నేనూ కూర్చున్నాను. మొదటి రోజు నేను కూల్చిన విమానాలకు లెక్కలేదు. చిక్కేమిటంటే, విమానం మననుంచి దూరంగా పోతున్నంతసేపూ కుడి కుడే. మనవైపు తిరిగి వచ్చేటప్పుడు దాని కుడి మన ఎడమవుతుంది. దానికి మా తమ్ముడు ఒక ఉపాయం చెప్పాడు. మనకెదురుగా వస్తున్నప్పుడు ఏ రెక్క కిందికి వాలిందో ఆ వైపుకే స్టిక్ జరపమన్నాడు. వాలిన రెక్క కింద పుల్ల ఆనించి నిలబెడుతున్నామనుకొంటే చాలు. వారం రోజుల్లో నాకు అలవాటైపోయింది. మా వారికి ఇప్పటికీ కాలేదు, ఆ సంగతి మీలోనే వుంచుకోండి.

సరే, కంట్రోలర్ వచ్చింది, థర్మాకోల్ విమానం వచ్చింది. ఇక సర్దడం. నేను పాత కుట్టుమిషన్‌కు దారం బిగువు సర్దుకొన్నదాన్ని గనుక నాకిది కొత్తగా తోచలేదు. ఒక్కొక్కటే తిప్పి, చూసి, మళ్ళీ తిప్పడం. తొందర పనికిరాదు.

ముందు కంట్రోలర్‌లో ఈ విమానానికి ఒక గది కేటాయించి పేరు పెట్టాలి. ఒక పెట్టెలో చాలా మోడళ్ళ సర్దుబాట్లు దాచుకోవచ్చు. అన్నకు కుట్టిన చొక్కా కొలత తమ్ముడికి సరిపోనట్లే, ఒక విమానం కొలతలు మరో విమానానికి చెల్లవు. ఎగరేసే ముందు తెరమీద ఏ పేరు వుందో చూడందే అడుగు కదపకూడదు. తర్వాత బైండింగు, అంటే ఈ పెట్టెకూ ఈ రిసీవర్‌కూ పరిచయం చెయ్యడం. ఒక్కో కంపెనీకి ఒక్కో పద్ధతి, వాళ్ళిచ్చిన కాగితంలో వుంటుంది. అదొకసారి అయిందంటే ఆ రిసీవర్ ఇంకెవరి పెట్టె మాటా వినదు.

అప్పుడు విమానం వెనక నిలబడండి. ముందునుంచి చూస్తే అన్నీ తారుమారుగా కనిపిస్తాయి. కుడి స్టిక్‌ను కుడికి జరిపితే కుడిరెక్క రేకు పైకి లేవాలి, ఎడమరెక్కది కిందికి దిగాలి. స్టిక్‌ను మీవైపుకు లాగితే తోక మీది ఎలివేటర్ పైకి లేవాలి. చుక్కానిని కుడికంటే దాని వెనక అంచు కుడికే పోవాలి. ఏదైనా ఉల్టాగా వుంటే కంట్రోలర్‌లో రివర్స్ అనే చోటికి వెళ్ళి ఆ ఛానల్‌ను మార్చాలి. ఇందులో ఒక్కటి తప్పినా విమానం నేల విడిచిన రెండు క్షణాల్లో పోతుంది. ఎంత అనుభవమున్నవాళ్ళయినా ఈ పరీక్ష ప్రతి ఆదివారమూ చేస్తారు. పొయ్యిమీద గిన్నె పెట్టేముందు గ్యాసు వాసన చూసుకోమా, అట్లాగే.

ఆ రేకులను కదిపేవి సర్వోలు, చిన్న చేతులున్న బుల్లి మోటార్లు. స్టిక్ నడుమ వున్నప్పుడు సర్వో చెయ్యి దాని కడ్డీకి నిలువుగా వుండాలి, రేకు రెక్కతో సమంగా వుండాలి. ముందు మరలు విప్పి చేతితో సరిచేసుకొని, మిగిలిన వెంట్రుకవాసి తేడాను మాత్రమే కంట్రోలర్‌లో సరిదిద్దాలి. మావాడు బద్ధకించి అంతా మీటలతోనే సరిచేశాడు. చివరికి ఒకవైపు తిరగడానికి చోటే మిగల్లేదు. మళ్ళీ మొదటినుంచి చేయించాను. స్టిక్ చివరిదాకా జరిపినప్పుడు సర్వో జుయ్యిమని మూలుగుతూ వుంటే అది ఎక్కడో అడ్డుతగిలి పెనుగులాడుతున్నదని అర్థం. ఎండ్ పాయింట్ తగ్గించాలి. లేకపోతే కాలిపోతుంది, బాటరీ కూడా తొందరగా అయిపోతుంది.

కొత్తవాళ్ళ చెయ్యి అదురుతుంది. దానికి డ్యూయల్ రేట్ అనీ, ఎక్స్‌పో అనీ రెండు వున్నాయి. మొదటిది స్టిక్ ఎంత తోసినా రేకు పూర్తిగా కదలకుండా, నూటికి అరవై డెబ్బై పాళ్ళే కదిలేటట్లు చేస్తుంది. రెండోది స్టిక్ నడుమ దగ్గర మెత్తగా వుండేటట్లు చేస్తుంది. ఇరవై ముప్ఫై పాళ్ళు పెట్టుకొంటే హాయిగా వుంటుంది. ఇక్కడొక తిరకాసు వుంది. ఫుటాబా వాటిలో మెత్తన కావాలంటే అంకె ముందు మైనస్ పెట్టాలి, స్పెక్ట్రమ్ వాటిలో ప్లస్. తెలియక ఉల్టాగా పెడితే మెత్తనకు బదులు ఇంకా దుడుకు అవుతుంది. అందుచేత అంకె పెట్టి వూరుకోక, తెరమీద గీసి చూపించే వంపు చూడండి. నడుమ దగ్గర గీత చదునుగా పడుకొని వుండాలి.

ఇప్పుడు నా వేలి సంగతి.

ఇవన్నీ చేసుకొన్న సాయంత్రం మావాడు మోటారు పరీక్ష చేస్తానని కూర్చున్నాడు. విమానం భోజనాల బల్ల మీద వుంది. దాని ముక్కుకు ప్రొపెల్లర్ బిగించే వుంది. అది మొదటి తప్పు. కంట్రోలర్‌లో కొత్త సెల్స్ లేవు, ఇంట్లో దొరికిన పాతవి నాలుగు ఏరి వేశాడు. అది రెండోది. నేను వంటింట్లో పోపు వేస్తున్నాను. బల్ల దగ్గరనుంచి కీచు కీచుమని చప్పుడు వస్తోంది. "ఏమిట్రా అది?" అన్నాను. "ఏం లేదమ్మా" అన్నాడు. అది సెల్స్ అయిపోతున్నాయని కంట్రోలర్ మొరపెట్టుకోవడం. వాడు థ్రాటిల్ సగం పైకి తోశాడు, మోటారు బుయ్యిమంది, సరిగ్గా అప్పుడు పెట్టె ఆరిపోయింది.

పెట్టె ఆరిపోతే మోటారు కూడా ఆగుతుందని మీరూ అనుకొంటారు, నేనూ అనుకొన్నాను. ఆగలేదు. రిసీవర్‌కు చివరిసారి వినిపించిన మాట "సగం వేగం" అని. కొత్త మాట రాలేదు. అది పాతమాటే పట్టుకొని కూర్చున్నది. మావాడు స్టిక్ కిందికి లాగుతున్నాడు, వినేవాళ్ళెవరు? విమానం బల్లమీద జరుగుతూ, మంచినీళ్ళ గ్లాసులు పడదోసుకొంటూ వాడి మీదికి వస్తోంది. వాడు కుర్చీకీ గోడకూ మధ్య ఇరుక్కొన్నాడు. నేను గరిటె పడేసి పరుగెత్తుకొచ్చి ఎట్లా పట్టుకోవాలో తెలియక ముందునుంచే పట్టుకొన్నాను. మా వారు వెనకనుంచి వచ్చి బాటరీ తీగ లాగేశారు. అంతా కలిపి పది క్షణాలు వుంటుందేమో. మూడు కుట్లు పడ్డాయి. డాక్టరుగారు "మిక్సీ ఏనామ్మా?" అని అడిగారు. విమానమని చెప్పడానికి నాకు సిగ్గేసింది. నా వేలు సరే, వాడి మొహం నా నడుముకంటే కిందుగా, బల్ల అంచుకు సరిగ్గా ఎదురుగా వుంది. ఆ రాత్రి నాకు నిద్రపట్టింది దానివల్ల కాదు, మందువల్ల.

మర్నాడు తమ్ముడికి ఫోను చేశాను. వాడు ఒకటే ప్రశ్న వేశాడు: "ఫెయిల్‌సేఫ్ పెట్టలేదా అక్కా?" అంటే ఏమిటో మాకు తెలియదు. పుస్తకంలో చివరిపేజీల్లో ఎక్కడో వుంది. కంట్రోలర్ మాట వినిపించకపోతే ఏమి చెయ్యాలో ముందుగానే రిసీవర్‌కు చెప్పి పెట్టడమే ఫెయిల్‌సేఫ్. కొన్నిటిలో అది దానంతటది వుంటుంది, కొన్నిటిలో మనం పెట్టేదాకా వుండదు. థ్రాటిల్ స్టిక్ పూర్తిగా కిందికి దించి, ఆ చోటును గుర్తుపెట్టుకోమని చెప్పాలి. విమానమయితే మోటారు ఆగాలి. పడవయితే కూడా అంతే. కారయితే బ్రేకు పడాలి. మళ్ళీ బైండింగు చేసిన ప్రతిసారీ ఇది పోయిందేమో చూసుకోవాలి.

మావాడు అడిగాడు: "పైన వుండగా మోటారు ఆగిపోతే విమానం పడిపోతుంది కదమ్మా?" పడనీ అన్నాను. మోటారు ఆగిన విమానం ఎక్కడో దగ్గర్లోనే పడుతుంది. ఆగని విమానం ఎవరింటి మేడమీద, ఎవరి పిల్లల మధ్య దిగుతుందో చెప్పలేము. వాడు రెండు నెలలు కూడబెట్టిన డబ్బుతో కొన్న విమానం పోతే నాకూ బాధే. దానికీ దీనికీ పోలికా?

పరీక్ష ఎట్లా చెయ్యాలంటే, ముందు ప్రొపెల్లర్ విప్పండి. విప్పి, మరిచిపోకుండా కళ్ళెదుట బల్లమీద పెట్టుకోండి. విమానాన్ని ఎవరైనా వెనకనుంచి గట్టిగా పట్టుకోవాలి. థ్రాటిల్ కొద్దిగా పెంచి, మోటారు తిరుగుతుండగా కంట్రోలర్‌ను కావాలనే ఆఫ్ చెయ్యండి. ఒకటి రెండు క్షణాల్లో మోటారు ఆగాలి. ఆగకపోతే ఆ విమానం ఇంట్లోంచి కదలకూడదు. దీనికి తోడు, వేలికి అందే ఒక స్విచ్చిని థ్రాటిల్ కట్‌గా పెట్టుకోవచ్చు. అది వేసి వుంటే స్టిక్ పొరపాటున తగిలినా మోటారు తిరగదు. మా ఇంట్లో విమానాన్ని చేత్తో ముట్టుకోవాలంటే ఆ స్విచ్చి వేసి వున్నట్లు పైకి చెప్పాలి. వాడికి నామోషీగా వుంటుంది, అయినా చెబుతాడు.

ఆన్ చేసేటప్పుడు కంట్రోలర్ ముందు, విమానం తర్వాత. ఆపేటప్పుడు విమానం ముందు, కంట్రోలర్ తర్వాత. ఈ వరస తప్పకూడదు. పిల్లవాడి చెయ్యి పట్టుకొని రోడ్డు దాటించేటప్పుడు ముందు చెయ్యి పట్టుకొంటాము, దాటాకనే వదులుతాము.

కంట్రోలర్ సెల్స్ గురించి కూడా ఒక మాట. మళ్ళీ ఛార్జి చేసుకొనే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ జత ఒకటి దీనికోసమే విడిగా వుంచండి. గోడగడియారానికీ, టార్చికీ ఇవ్వకండి. నెలల తరబడి వాడకపోతే సెల్స్ తీసి పెట్టాలి, కారి పెట్టె లోపల తుప్పు పట్టిస్తాయి. విమానంలో వుండే లిథియం పాలిమర్ బాటరీ వేరే రకం. దాన్ని దానికి తగిన ఛార్జర్‌తోనే, మనుషులు మెలకువగా, ఎదురుగా వుండగా ఛార్జి చెయ్యాలి. ఉబ్బిందంటే ఇక వాడకూడదు. రాత్రి ఛార్జికి పెట్టి పడుకోవడం మా ఇంట్లో నిషిద్ధం.

యాంటెన్నా కొసను విమానంవైపు గురిపెట్టకండి. తుపాకీలాగా గురిపెడితే మాట బాగా పోతుందనుకొంటారు పిల్లలు, కాని కొసనుంచే అన్నిటికంటే తక్కువగా పోతుంది. పక్కకు వంచి వుంచాలి. విమానంలో రిసీవర్‌కు రెండు యాంటెన్నాలుంటే ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా అమర్చాలి. వాటి చివర మూడు సెంటీమీటర్ల పైచిలుకు తీగే అసలు వినేది. పొడుగ్గా వుందని కత్తిరించకూడదు, బాటరీకి చుట్టకూడదు.

విమానాన్ని ఎక్కడ ఎగరెయ్యాలన్నది కూడా ముందే చూసుకోవాలి. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల కిందికి ఈ మోడల్ విమానాలు కూడా వస్తాయి. విమానాశ్రయాలకు దగ్గరగా అనుమతి లేకుండా ఎగరెయ్యకూడదు. పచ్చ, పసుపు, ఎరుపు రంగులతో ప్రభుత్వంవారు పటం పెట్టారు, పచ్చరంగు చోట్ల కూడా ఎత్తుకు హద్దు వుంది. మేము ఊరు దాటి, తెలిసినవారి ఖాళీ పొలానికి పోతాము. ఇదంతా మీకు పడదనుకొంటే కారుతోనో పడవతోనో మొదలుపెట్టండి, తక్కువేమీ కాదు.

వేలి కట్టు విప్పిన తర్వాతి ఆదివారం పొద్దున్న ఆరింటికే వెళ్ళాము, ఎండెక్కితే గాలి లేస్తుందని. నా చేతిలో పాత శుభలేఖ వెనక రాసుకొన్న పట్టిక వుంది. మోడల్ పేరు చదివాను. వాడు రేకులు కదిపి చూపించాడు. థ్రాటిల్ కట్ వేసి వుందన్నాడు. కంట్రోలర్‌లో శక్తి తగ్గించి దూరం పరీక్షించే మీట వుంటుంది, రేంజ్ చెక్ అంటారు. విమానం దగ్గర వాణ్ణి నిలబెట్టి, పెట్టె నేను పట్టుకొని స్టిక్కులు కదుపుతూ ముప్ఫై అడుగులు లెక్కపెట్టుకొంటూ వెనక్కి నడిచాను. "కదులుతున్నాయా?" అని నేను, "కదులుతున్నాయమ్మా" అని వాడు, పొలంగట్టు మీద గేదెలు తోలుకొనే ముసలాయన మమ్మల్ని చూసి ఆగిపోయాడు. తిరిగి వచ్చి పెట్టె వాడి మెళ్ళో వేశాను. మామయ్య నేర్పినట్లే గాలికెదురుగా వదిలాడు. మూడు చుట్లు తిరిగి, నాలుగో చుట్టులో మనవైపు వచ్చేటప్పుడు రెక్క వాలింది. "వాలినవైపే" అని నేను అరిచేలోగా వాడే జరిపేశాడు. దిగేటప్పుడు మాత్రం దుబ్బుల్లో దిగింది, ఒక చక్రం వూడింది.

ఆ చక్రం ఇంకా అతికించలేదు, పరీక్షలయ్యాక అన్నాను. ఈలోగా మా ఆడపడుచుగారి అమ్మాయి ఫోను చేసి, పడవకు ఏ కంట్రోలర్ కొనాలత్తయ్యా అని అడుగుతోంది. ఫెయిల్‌సేఫ్ వున్నదేనా అని దుకాణంలో అడిగి రమ్మన్నాను.